ఎంత తరుగు తీయాలో మీరే చెప్పండి: తెలుగు దినపత్రికల సంపాదకులకు ఓ గుంటూరు మాస్టారి బహిరంగ లేఖ

సంపాదక మహాశయులకు,

నమస్కారం.

గుంటూరు అరండల్‌పేటలో గ్రూప్స్ అభ్యర్థులకు కరెంట్ అఫైర్స్ చెప్పుకుని బతికేవాణ్ని. మీ పత్రికలన్నీ డబ్బిచ్చి కొని, చివరి పేజీ దాకా చదివే కొద్దిమందిలో ఒకణ్ని. ఇష్టం సంగతి అలా ఉంచండి, వృత్తి అది. గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 మార్కులకు 30 కరెంట్ అఫైర్సే. ఆ 30 మార్కుల కోసం వినుకొండ నుంచి, చీరాల నుంచి, మార్కాపురం నుంచి వచ్చి బ్రాడీపేట హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు పొద్దున్నే మీ పేపర్లు ముందేసుకుని నోట్సు రాసుకుంటారు. రాసుకుంటూ నన్ను అడుగుతారు: "సార్, ఒకే సంగతి ఇందులో ఒకలా, అందులో ఒకలా ఉంది. ఏది రాసుకోమంటారు?"

రాష్ట్ర రాజకీయాలైతే జవాబు చెప్పడం కష్టం కాదు. ఏ పేపరు ఎవరిదో, ఎవరి వైపో లాడ్జి సెంటర్లో టీ తాగే ప్రతివాడికీ తెలుసు. మిర్చి యార్డులో కొనుగోలుదారు టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి, తేమ చూసి తూకంలో కొంత తరుగు తీస్తాడు చూశారూ, మీ రాజకీయ వార్తలకు మేమూ అలాగే తరుగు తీసి చదువుతాం. ఒకే సభ. ఒక పేపర్లో డ్రోన్‌తో పైనుంచి తీసిన జనసంద్రం, ఇంకో పేపర్లో వెనక వరసలో ఖాళీ కుర్చీలు. రెండూ నిజం ఫోటోలే. రెండూ చూసినవాడికి సభ ఎలా జరిగిందో దాదాపు అర్థమైపోతుంది. పిల్లలకు కూడా అదే చెబుతాను: రెండు వైపుల పేపర్లూ చదవండి, రెండింటిలోనూ ఉన్నది రాసుకోండి, విశేషణాలు తీసేయండి.

అయినా ఒక్కోసారి ఈ పద్ధతి కూడా పనికిరాదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం. ఒక పేపరు చదివితే ప్రభుత్వం రాత్రీపగలూ నీళ్లలోనే నిలబడి గడపగడపకూ అన్నం పంచుతోంది. ఇంకో పేపరు చదివితే ఊళ్లో ప్రభుత్వమనేదే లేదు. కృష్ణలో కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దిన పడవల సంగతి సరేసరి. ఒకచోట కుట్ర, ఒకచోట ప్రమాదం, రెండుచోట్లా విచారణ మొదలవకముందే తీర్పు. మా క్లాసులో సింగ్‌నగర్ అమ్మాయి ఒకతె ఉంది. ఆ వారం పేపర్లన్నీ తిరగేసి, "మా వీధి దేన్లోనూ లేదు సార్" అంది. బుడమేరు కట్టకు గండ్లు ఎందుకు పడ్డాయి, ఆ వాగు ఏళ్ల తరబడి ఎలా ఇరుకైపోయింది అన్న సంగతి మీ పేజీల్లో రాకపోలేదు. వచ్చింది, కానీ నాయకుల బొమ్మలు పెట్టాక మిగిలిన చోట వచ్చింది.

ఎందుకిలా ఉంటుందో కూడా మాకు తెలియనిది కాదు. ప్రభుత్వ ప్రకటన మొదటి పేజీ మొత్తం కప్పేసి వచ్చిన రోజున లోపల ఏముంటుందో ఊహించగలం. 2022లో గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపరు కొనుక్కోవడానికని నెలకు 200 రూపాయలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఆ డబ్బు ఎవరి సర్క్యులేషన్ పెంచడానికన్న పేచీ సుప్రీంకోర్టు దాకా పోయి, అక్కణ్నుంచి ఢిల్లీ హైకోర్టుకు చేరింది. రాసేవాళ్ల మీద కేసులు పెట్టమనే జీవోలూ చూశాం. 2007లో 938 వచ్చింది, నిరసనలు రేగితే పక్కన పెట్టారు. 2019లో 2430 వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా కేబుల్లో కొన్ని ఛానళ్లు మాయమై ఇంకొన్ని ప్రత్యక్షమవుతాయి. ఇన్ని ఒత్తిళ్ల మధ్య మీరు ఎటో ఒకవైపు ఒరిగారంటే అర్థం చేసుకోగలం. మెచ్చుకోలేం, అంతే.

అందుకే రాజకీయ వార్తల గురించి పోట్లాడటానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నా గొడవ విదేశీ యుద్ధాల వార్తలతో. అక్కడ ఎంత తరుగు తీయాలో మాకు తెలియదు. రష్యా ఎవరి పార్టీ? ఇజ్రాయెల్ ఎవరి సామాజికవర్గం? సరిచూసుకోవడానికి రెండో పేపరు తీస్తే అందులోనూ అవే వాక్యాలుంటాయి. రోజూ ఉప్పూనిప్పులా ఉండే మీ పత్రికలన్నీ అంతర్జాతీయం పేజీకి వచ్చేసరికి ఒకే కాపీ ఎలా వేస్తాయని పిల్లలు ఆశ్చర్యపోతారు. నేను పోను. మీలో ఎవరికీ కీవ్‌లో గానీ జెరూసలెంలో గానీ శాశ్వత విలేకరి లేడు. ఉండాలనడం కూడా న్యాయం కాదు, ఖర్చు నాకు తెలుసు. రాయిటర్స్ వార్తా సంస్థ లండన్ నుంచి, ఏఎఫ్‌పీ పారిస్ నుంచి, అసోసియేటెడ్ ప్రెస్ న్యూయార్క్ నుంచి పంపిన వార్త ఢిల్లీ ఏజెన్సీల మీదుగా రాత్రి ఏ పదింటికో మీ డెస్కుకు చేరుతుంది. మొదటి ఎడిషన్ టైమైపోతుంటుంది. ఏ ఆరేళ్ల అనుభవమో ఉన్న సబ్ ఎడిటర్ దాన్ని తెనిగించి పేజీలో పెడతాడు.

నా ఫిర్యాదు అంతా ఆ చివరి అరగంట మీదే. ఇంగ్లీషు కాపీ, మీ తెలుగు కాపీ పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకు అలవాటు. ఏజెన్సీ కాపీలో "ఉక్రెయిన్ సైన్యం చెబుతున్నదాన్ని బట్టి" అని ఉంటుంది. "ఈ సమాచారాన్ని మేం సొంతంగా నిర్ధారించుకోలేకపోయాం" అని ఉంటుంది. "గాజా ఆరోగ్యశాఖ లెక్క ఇది, మృతుల్లో సాయుధులెందరో సామాన్యులెందరో అది విడదీసి చెప్పదు" అని ఉంటుంది. మీ పేజీ ఎక్కేసరికి ఈ ముక్కలన్నీ రాలిపోతాయి. ఒక సైనిక ప్రతినిధి అన్న మాట కాస్తా జరిగిన సంఘటన అయిపోతుంది. పైన ఎర్ర రంగులో "నిప్పుల వాన" అనో "భీకర పోరు" అనో శీర్షిక, పక్కన ఏ దేశానిదో ఏ ఏడాదిదో రాయని పేలుడు ఫోటో. చెప్పినవాడి పేరు తీసేశాక ఆ వార్తకు మేం తరుగు ఎలా తీయాలి?

ఇదేదో పండితుల పట్టింపు అనుకుంటారేమో. యుద్ధాలు మొదలయ్యేదే ఇలాంటి వార్తలతో. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్నాక, 1990 అక్టోబర్ 10న, ఓ పదిహేనేళ్ల కువైటీ పిల్ల అమెరికా కాంగ్రెస్ సభ్యుల ముందు కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లలోంచి పసికందులను తీసి నేల మీద పడేశారంది. ప్రపంచంలోని పేపర్లన్నీ రాశాయి, అమెరికా అధ్యక్షుడు పదేపదే ప్రస్తావించాడు. గల్ఫ్ యుద్ధం అయిపోయాక 1992లో బయటపడింది, ఆ పిల్ల అమెరికాలోని కువైట్ రాయబారి కూతురని, ఆ సాక్ష్యం వెనక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార కంపెనీ ఉందని. ఇంక్యుబేటర్ల కథకు ఆధారమే దొరకలేదు.

తర్వాత 2003. ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఉపగ్రహ ఫోటోలు చూపించి, ఇరాక్ దగ్గర సామూహిక మారణాయుధాలున్నాయన్నాడు. మార్చిలో యుద్ధం. 2004 అక్టోబర్‌లో అమెరికా సొంత తనిఖీ బృందమే అలాంటి నిల్వలేవీ లేవని తేల్చింది. అంతకు కొద్ది నెలల ముందు, 2004 మే 26న, న్యూయార్క్ టైమ్స్ తన ఇరాక్ కథనాల్లో కొన్ని ఉండాల్సినంత పకడ్బందీగా లేవని పాఠకులకు చెప్పుకుంది. ఆ కథనాలు మొదటి పేజీలో వచ్చాయి, ఈ ఒప్పుకోలు మాత్రం పదో పేజీలో వచ్చింది. అయినా వచ్చింది. ఆ రోజుల్లో అమెరికాలోనే నైట్ రిడ్డర్ అనే పత్రికల గ్రూపు విలేకర్లు కొందరు, మంత్రుల చుట్టూ తిరక్కుండా కింది స్థాయి గూఢచార అధికారులతో మాట్లాడి, ఈ ఆధారాలు గట్టివి కావని ముందే రాశారు. న్యూయార్క్, వాషింగ్టన్ పెద్ద పత్రికలు వాళ్లను లెక్కచేయలేదు. పెద్ద పత్రిక అయితేనే నిజం తెలుస్తుందన్న నమ్మకం నాకు పోయింది అక్కడే.

2003 ఫిబ్రవరి, మార్చి నెలల తెలుగు కటింగులు నా బీరువాలో ఉన్నాయి. "సద్దాం గుట్టు రట్టు" తరహా శీర్షికలు. ఆయుధాలు దొరకలేదన్న వార్త కూడా తర్వాత వచ్చింది. "అప్పుడు మేం ఇలా రాశాం, అది నిలబడలేదు" అన్న వార్త మాత్రం ఒక్కటీ లేదు.

ఉక్రెయిన్ దగ్గరికి రండి. 2022 ఫిబ్రవరి 24న నల్ల సముద్రంలోని స్నేక్ ఐలాండ్‌లో రష్యా యుద్ధనౌకకు లొంగకుండా 13 మంది కాపలా సైనికులు వీరమరణం పొందారని ఉక్రెయిన్ ప్రకటించింది. నాలుగు రోజులకే ఆ దేశ నౌకాదళమే వాళ్లు బతికున్నారని, రష్యాకు బందీలుగా చిక్కారని చెప్పింది. ఒంటిచేత్తో రష్యా విమానాలు కూల్చిన "కీవ్ భూతం" అనే పైలట్ కథ ఏప్రిల్ చివర దాకా నడిచింది. అలాంటి వ్యక్తి లేడు, అదో వీరగాథ మాత్రమే అని ఉక్రెయిన్ వాయుసేనే తేల్చేసింది. రష్యా వైపు అబద్ధాలు తక్కువని కాదు. అసలది యుద్ధమే కాదు, "ప్రత్యేక సైనిక చర్య" అంటూ, యుద్ధం అన్నవాళ్లను జైల్లో పెట్టేలా చట్టం తెచ్చుకున్న ప్రభుత్వమది. యుద్ధంలో ఉన్నవాడు అబద్ధమాడతాడు, అది వాడి పని. వాడి మాటను వాడి మాటగానే మాకు అందించడం మీ పని.

ఇక్కడ మీరు చేజేతులా పోగొట్టుకున్న అవకాశం ఒకటుంది, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఖార్కివ్‌లో, కీవ్‌లో, ఒడెసాలో ఎంబీబీఎస్ చదువుతున్న మన పిల్లలు ఆ యుద్ధాన్ని కళ్లారా చూశారు. దేశం మొత్తం మీద 20 వేల మందికి పైగా తిరిగొచ్చారు. వాళ్లలో గుంటూరు, కృష్ణా జిల్లాల పిల్లలు చాలామంది. మెట్రో స్టేషన్లలో, బంకర్లలో పడుకున్నారు, రైలు ఎక్కడానికి తోపులాడుకున్నారు, రొమేనియా, పోలండ్ సరిహద్దుల దాకా మంచులో నడిచారు. మీరేం చేశారు? గన్నవరం విమానాశ్రయంలో అమ్మ కౌగిలించుకున్న ఫోటో జిల్లా పేజీలో వేశారు. అదే రోజు మెయిన్ ఎడిషన్‌లో ఏజెన్సీ కాపీ వేశారు. జిల్లా పేజీలో ఉన్న ప్రత్యక్ష సాక్షికీ మెయిన్‌లో ఉన్న వార్తకూ ముఖపరిచయమే లేదు. మంగళగిరి నుంచి ఒక విలేకరిని పంపించి, ఏ రోజు ఏ వీధిలో ఏం పడింది, ఎవరు ఆదుకున్నారు, సరిహద్దులో రైలెక్కనివ్వకుండా ఎవరు ఆపారు అని ఓ పది మందిని విడివిడిగా అడిగి సరిపోల్చి ఉంటే, లండన్ పేపర్ల దగ్గర కూడా లేని వార్త మీ దగ్గర ఉండేది. విదేశాల్లో మాకు మనుషుల్లేరు అంటారు. ఆ నెలలో ప్రతి మండలంలోనూ మీకు మనుషులున్నారు.

గాజా విషయంలో అలాంటి సాక్షులు మనకు లేరు. 2023 అక్టోబర్‌లో యుద్ధం మొదలయ్యాక ఇజ్రాయెల్ విదేశీ విలేకర్లను అక్కడికి స్వేచ్ఛగా వెళ్లనివ్వలేదు. సైన్యం వెంటబెట్టుకుని తీసుకెళ్లి, చూపించింది చూడమంది. లోపల పనిచేసినవాళ్లు గాజా విలేకర్లే, పెద్ద సంఖ్యలో చనిపోయారు కూడా. ఆ సంగతి మీ వార్త పక్కన రెండు లైన్ల బాక్సులో వేస్తే, అంకెలూ ఫోటోలూ ఎక్కణ్నుంచి వస్తున్నాయో, ఎందుకింత గందరగోళమో పాఠకుడికి తెలిసేది. అక్టోబర్ 17న అల్ అహ్లీ ఆసుపత్రి ఆవరణలో పేలుడు జరిగినప్పుడు ఇజ్రాయెల్ దాడి అని, వందల మంది పోయారని గంటలోనే ప్రపంచమంతా శీర్షికలు పెట్టింది. అది పాలస్తీనా వర్గాల రాకెట్ గురితప్పి పడటమని ఇజ్రాయెల్ అంది. ఆరు రోజులకు న్యూయార్క్ టైమ్స్, మొదట్లో హమాస్ మాట మీద అతిగా ఆధారపడ్డామని రాసుకుంది. ఇరవై ఏళ్ల క్రితం వాషింగ్టన్ మాట, ఇప్పుడు హమాస్ మాట. ఎవరి మాటైనా పొరపాటు ఒకటే. మా పిల్లల నోట్సులో మాత్రం మొదటిరోజు శీర్షికే ఉండిపోయింది, ఎందుకంటే రెండో సంగతి తెలుగులో వాళ్ల కంటపడలేదు.

మన దేశమే యుద్ధంలో ఉన్నప్పుడు ఇదంతా ఇంకా కష్టమని ఒప్పుకుంటాను. 2025 మే 8 రాత్రి కొన్ని జాతీయ ఛానళ్లు కరాచీ రేవును ధ్వంసం చేసేశాయి, ఇస్లామాబాద్‌ను పట్టేసుకున్నాయి. తెల్లారేసరికి కరాచీ కరాచీలోనే ఉంది. మీ పత్రికలు అంత దూరం పోలేదు, పొద్దుటి దాకా ఆగాల్సి రావడం అచ్చు పత్రికకున్న అదృష్టం. కానీ మీలో కొందరికి ఛానళ్లు కూడా ఉన్నాయి. రాత్రి మీ ఛానల్లో అరిచింది ఉత్తిదని పొద్దున మీ పేపరు చెప్పిందా? మన విమానాలకు నష్టం జరిగిందా అన్న ప్రశ్నను అడిగినవాణ్నే ద్రోహిని చేసి మాట్లాడారు. మే 31న సింగపూర్‌లో త్రిదళాధిపతి అనిల్ చౌహాన్ నష్టం జరిగిందని, కారణం తెలుసుకుని సరిదిద్దుకున్నామని ఇంటర్వ్యూలో చెప్పారు. సైన్యం సూటిగా చెప్పగలిగిన మాటను, అంతకు ముందు మూడు వారాలు అడగడానికి కూడా మీరెందుకు జంకారు?

విదేశీ యుద్ధాలతో గుంటూరువాళ్లకేం పని అని మార్కెటింగ్ వాళ్లు మీకు చెబుతుండవచ్చు. 2022లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర ఎందుకు ఎగిసిందో మా ఇంట్లోవాళ్లను అడగండి. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా అదనంగా మరో 25 శాతం సుంకం వేసింది, మొత్తం 50 శాతం అయింది. ఆ దెబ్బ తగిలింది భీమవరం, కైకలూరు రొయ్యల చెరువుల మీద. ఆ రోజు అంతర్జాతీయం పేజీలో "ట్రంప్‌కు దీటైన జవాబు" అని ఉంది, జిల్లా పేజీలో రొయ్య కొనేవాళ్లు రేటు దించేశారని ఉంది. రెండూ ఒకటే వార్త అని చెప్పేవాడు మీ ఆఫీసుల్లో లేడా? ఎక్కడో జరిగే యుద్ధం, రష్యా చమురు, మన చెరువు గట్టు, వీటిని కలిపి ఒక పేజీలో రాసిన రోజున ఆక్వా రైతు మీ విదేశీ పేజీనే ముందు తిప్పుతాడు.

మీ డెస్కుల్లో నా దగ్గర చదువుకున్నవాళ్లు ఉన్నారు. ఉద్యోగం రాక జర్నలిజంలోకి వెళ్లారు, పాపం బాగానే రాస్తారు. ఊళ్లలోంచి వార్తలు పంపే స్ట్రింగర్లకు మీరిచ్చేదెంతో, ప్రకటనల టార్గెట్లు ఎలా ఉంటాయో వాళ్లు చెప్పగా విన్నాను, ఇక్కడ రాయను. మిమ్మల్ని నమ్మడం మానేసినవాళ్లు ఏం చదువుతున్నారో కూడా చూస్తున్నాను. యూట్యూబ్‌లో థంబ్‌నెయిల్ చూసి మూడో ప్రపంచ యుద్ధం మొదలైందని క్లాసుకొచ్చి చెప్పే కుర్రాళ్లున్నారు. వీడియో గేమ్ దృశ్యాలను ఉక్రెయిన్ యుద్ధమని వాట్సాప్‌లో పంపే పెద్దలున్నారు. వాళ్లకంటే మీరు నయం. ఆ మాటతో మీరు సంతృప్తి పడితే మాత్రం నేను చేయగలిగిందేం లేదు.

పత్రికలకు ఈ ప్రాంతం కొత్త కాదు కాబట్టి అడుగుతున్నాను. బందరులో 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. ఆంధ్రప్రభ మద్రాసు నుంచి 1959లో విజయవాడ వచ్చింది, మరుసటేడు ఆంధ్రజ్యోతి అక్కడే మొదలైంది. విశాలాంధ్ర, ప్రజాశక్తి ఇవాళ్టికీ తమది ఏ పార్టీయో దాచుకోవు, అది నాకు గౌరవమే, తరుగు లెక్క తేలిక. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేశారన్న గొడవ వచ్చినప్పుడు ప్రెస్ కౌన్సిల్ తరఫున విచారించిన ఇద్దరిలో కె. శ్రీనివాస్ రెడ్డి మన తెలుగు సంపాదకుడే. వాళ్లు 71 పేజీల్లో పత్రికల పేర్లతో సహా రాసిస్తే, 2010లో కౌన్సిల్ పేర్లన్నీ తీసేసి పొట్టి నివేదిక విడుదల చేసింది. పూర్తి పాఠం బయటికి రావడానికి సమాచార కమిషన్ చెప్పాల్సి వచ్చింది. అసలు ఆ కౌన్సిల్‌కు 1978 చట్టం ఇచ్చిన అధికారం హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం వరకే. కాబట్టి అక్కడికి రాయడం కన్నా మీకు రాయడమే నయమనిపించింది.

నేను అడిగేవాటికి డబ్బు ఖర్చు లేదు. యుద్ధ వార్తలో ఎవరు చెప్పారో ఆ పేరు మొదటి పేరాలోనే ఉంచండి, చోటు చాలకపోతే విశేషణాలు తీసేయండి. ఏజెన్సీ పేరు వార్త కింద వేయండి, "న్యూస్ డెస్క్" అని కాదు. ఫోటో కింద ఊరు, తేదీ రాయండి. "నిర్ధారణ కాలేదు" అని కాపీలో ఉంటే దాన్ని కొట్టేసే అధికారం ఏ సబ్ ఎడిటర్‌కూ లేదని రాతపూర్వకంగా చెప్పండి. నిలబడని వార్తను, అది ఏ పేజీలో వచ్చిందో ఆ పేజీలోనే సరిదిద్దండి. మొదటి పేజీలో చంపినవాణ్ని పదో పేజీలో బతికించొద్దు. మీ ఆఫీసులో ఒక్కరిని, ఒక్కరినే, పదేళ్లు విదేశీ వ్యవహారాల మీదే ఉంచండి, ఎన్నికలొచ్చాయని నియోజకవర్గాలకు తరమకండి.

ఆదివారాలు ఉదయం పది నుంచి పన్నెండు దాకా మా క్లాసు ఉంటుంది. అంతర్జాతీయం పేజీ చూసే మీ డెస్కు మనిషిని ఎవరినైనా ఒక వారం పంపండి. పిల్లలు మర్యాదగానే అడుగుతారు. ముందురోజు రాత్రి వచ్చిన ఏజెన్సీ కాపీ, దాని పక్కన మీరు వేసిన వార్త, రెండూ తెచ్చుకోమనండి.

ఇట్లు,
అరండల్‌పేటలో కరెంట్ అఫైర్స్ చెప్పే ఒక మాస్టారు,
గుంటూరు